బర్రె ఈనకముందే వాయిదా

రెండేళ్ల కిందట ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి అమ్మకు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో చిన్న స్టార్టప్. జీతం బాగానే ఉంది. అమ్మ సంబరపడిపోతుందనుకున్నా.

"ఏం కంపెనీ బిడ్డా?" అంది.

"ఊళ్లల్ల ఆడోళ్లకు సోలార్ డ్రయర్లు ఇస్తది అమ్మా. టమాటలు, మిరపకాయలు ఎండబెట్టి అమ్ముకోవచ్చు. పైసలు ఒక్కపారే కట్టే పని లేదు. నెలనెలా వాయిదాలు."

అవతల కాసేపు మాట లేదు.

"వాయిదాలు ఎవలు వసూలు జేస్తరు?"

"దానికి వేరే టీమ్ ఉంటది. నేను ఆఫీసుల కూసొని లెక్కలు జూస్త."

"అంటే మంగళారం సారు పనే గదా" అంది.

నవ్వేసి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే మంగళవారం సారు ఎవరో ముందు చెప్పాలి.

మంగళవారం సారు

మాది జనగామ దగ్గర ఒక ఊరు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ప్రతి మంగళవారం పొద్దున ఏడింటికి మా వాడలో వేపచెట్టు కింద చాపలు పరిచేవాళ్లు. ఆడవాళ్లంతా వరసగా కూర్చునేవాళ్లు. బైక్ మీద ఒకాయన వచ్చి డబ్బులు లెక్కపెట్టుకుని, పుస్తకాల్లో రాసి వెళ్లిపోయేవాడు. ఆయన పేరేంటో ఎవరికీ గుర్తులేదు. అందరికీ మంగళవారం సారే. ఆయనది ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ.

2009 డిసెంబర్‌లో అమ్మ 10,000 రూపాయలు అప్పు తీసుకుంది. దానికి చిట్టీ డబ్బులు కలిపి ఒక సూడి బర్రెను కొన్నది. వాయిదా వారానికి 225 రూపాయలు, 50 వారాలు. మొత్తం 11,250. పైకి చూస్తే వడ్డీ 12.5 శాతమే. కానీ మన దగ్గరున్న అసలు వారం వారం తగ్గిపోతుంటుంది కదా, ఆ లెక్కన చూస్తే నిజమైన వడ్డీ దాదాపు 25 శాతం. ఈ సంగతి నాకు డిగ్రీలో గానీ అర్థం కాలేదు.

అమ్మకు మాత్రం అంతకన్నా పెద్ద లెక్క అప్పుడే అర్థమైంది. బర్రె ఈనడానికి ఇంకా రెండు నెలలుంది. వాయిదా మాత్రం వచ్చే మంగళవారమే మొదలు.

ఆ రెండు నెలలూ కూలి డబ్బులతో కట్టింది. ఒక వారం మేనమామ దగ్గర చేబదులు తెచ్చింది. ఇంకో వారం ఇంట్లో ఉన్న కోళ్లను అమ్మేసింది. బర్రె ఈనాక కాస్త ఊపిరి పీల్చుకుంది. పాలడబ్బులు పది పదిహేను రోజులకోసారి వచ్చేవి. వాయిదాకేమో ప్రతి ఏడు రోజులకూ ఆకలి.

ఐదుగురికి ఒక గ్రూపు. ఒకరు కట్టలేకపోతే మిగతా నలుగురూ కట్టాలి. తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుకు అదే తాకట్టు. మా పక్కింటి అత్తమ్మ కూడా అమ్మ గ్రూపే. వాళ్లాయనకు జబ్బు చేసి ఆమె మూడు వారాలు కట్టలేకపోయింది. అమ్మావాళ్లే తలా కొంత వేసి కట్టారు. నాలుగో వారం చాప మీద మాటా మాటా పెరిగింది. ఆ రోజు నుంచి అమ్మ, అత్తమ్మ మాట్లాడుకోలేదు. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. మళ్లీ మాటలు కలవడానికి ఆరేళ్లు పట్టింది.

అమ్మ అప్పులో నష్టపోయింది ఏంటని నన్నెవరైనా అడిగితే వడ్డీ గురించి చెప్పను. ఆ ఆరేళ్ల గురించి చెప్తాను.

అటు షేర్లు, ఇటు చాపలు

మా వాడలో ఇదంతా జరుగుతున్నప్పుడే మైక్రోఫైనాన్స్ దేశమంతా పెద్ద వార్త. బంగ్లాదేశ్‌లో పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకును స్థాపించిన మహమ్మద్ యూనస్‌కు, ఆ బ్యాంకుకు కలిపి 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పేదవాళ్లు అప్పు ఎగ్గొట్టరని ప్రపంచమంతా నమ్మింది. నిజమే, ఎగ్గొట్టరు. దాంతో పెట్టుబడిదారులు బారులు తీరారు.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. అమ్మకు అప్పిచ్చింది ఆ కంపెనీ కాదు, అది వేరు. విక్రమ్ ఆకుల మెదక్ జిల్లాలో స్వచ్ఛంద సంస్థగా మొదలుపెట్టిన ఎస్‌కేఎస్ తర్వాత లాభాల కోసం నడిచే కంపెనీగా మారింది. ఒక్కో షేరు 985 రూపాయలు. ఎగబడి కొన్నారు. సుమారు 1,650 కోట్ల రూపాయల ఇష్యూ అది. పేదల దగ్గరికి కోట్ల మందికి అప్పు చేరాలంటే అంత డబ్బు మార్కెట్ నుంచే రావాలన్నది ఆకుల వాదన. పేదల మీద లాభాలు చూపించి షేర్లు అమ్మడం తప్పుదారి అన్నది యూనస్ వాదన.

రెండు నెలలు తిరగలేదు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు పోటీపడి అప్పులివ్వడం, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యలు... పేపర్ల నిండా అవే. 2010 అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాలి, ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చేయకూడదు, వారం వాయిదాలు కాదు నెల వాయిదాలే. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు మాలెగాం కమిటీ వేసి, వడ్డీకి పరిమితి పెట్టి, ఒకరికి ఎన్ని కంపెనీలు అప్పివ్వొచ్చో కూడా తేల్చింది.

మంగళవారం సారు మళ్లీ రాలేదు. అమ్మవి ఇంకా ఎనిమిది వాయిదాలు మిగిలాయి.

మీరైతే ఏమనుకుంటారు? పీడ విరగడైంది అనుకుంటారు కదా. అమ్మ అలా అనుకోలేదు. "తీసుకున్న పైసలు కట్టకుంట ఉంటె మనసున పట్టలే" అని ఇప్పటికీ అంటుంది. మరుసటి ఎండాకాలం మా చెల్లిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పుడు అప్పిచ్చే కంపెనీ ఒక్కటీ లేదు. అమ్మ షావుకారు గడపే తొక్కింది. మూడు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 36 శాతం.

అందుకే "ఆ కంపెనీలన్నీ దొంగలు" అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపలేను. "పేదలకు అప్పు అందితే చాలు, అన్నీ బాగుపడతాయి" అన్నా తలూపలేను. అప్పు కావాలి. అది ఏ రూపంలో వస్తుందన్నదే అసలు సంగతి.

మంచీ కావాలి, డబ్బూ తిరిగి రావాలి

చదువయ్యాక నేను ఈ రంగంలోకే ఎందుకొచ్చానంటే, ఆశతోనే. ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అన్న పేరు 2007లో పుట్టింది. ఇటలీలోని బెలాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన సమావేశంలో ఆ మాట వాడుకలోకి వచ్చింది. అర్థం తేలికే. దానం చేస్తే డబ్బు ఒక్కసారి వాడి అయిపోతుంది. మామూలు పెట్టుబడికి లాభం తప్ప ఇంకేం పట్టదు. ఈ రెండింటికీ మధ్యలో, సమాజానికో పర్యావరణానికో మేలు జరగాలి, ఆ మేలును కొలిచి చూపించాలి, పెట్టిన డబ్బూ తిరిగి రావాలి అనేదే ఇంపాక్ట్ పెట్టుబడి. ఈ రంగంలో ప్రపంచవ్యాప్తంగా 1.57 లక్షల కోట్ల డాలర్లు ఉన్నాయని ఆ పెట్టుబడిదారుల నెట్‌వర్క్ జీఐఐఎన్ 2024లో అంచనా వేసింది.

మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. తెలంగాణలో చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చుతో చిన్న గ్రీన్‌హౌస్ తయారుచేసిన ఖేతి సంస్థకు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. 10 లక్షల పౌండ్లు. కొద్దిపాటి నేలలో, తక్కువ నీళ్లతో కూరగాయలు పండించే ఏర్పాటది. ఆ వార్త చదివిన రోజు నేను పీజీ హాస్టల్లో ఉన్నా. ఇలాంటి చోట పనిచేయాలనుకున్నా.

మా స్టార్టప్ ఆలోచన కూడా బాగుంటుంది. చేవెళ్ల వైపు టమాటా ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు పక్కన పారబోయడం మీరూ చూసే ఉంటారు. టమాటాలో 90 శాతానికి పైగా నీళ్లే. కోసి, ట్రేలలో పరిచి, సోలార్ డ్రయర్‌లో పెడితే ఎండిన ముక్కలు నెలల తరబడి నిల్వ ఉంటాయి. హోటళ్లకు, సూప్ పొడి చేసేవాళ్లకు అమ్మొచ్చు. పంట వృథా కాదు, కరెంటు బిల్లు లేదు, ఇంటి దగ్గరే ఆడవాళ్లకు పని. డ్రయర్ ఖరీదు 60,000. నెలకు 2,000 చొప్పున 36 నెలలు కట్టాలి. మైక్రోఫైనాన్స్‌తో పోలిస్తే వడ్డీ సగమే.

ప్రతి మూడు నెలలకోసారి పెట్టుబడిదారులకు నేనే రిపోర్ట్ తయారుచేసేదాన్ని. ఎంతమంది ఆడవాళ్లకు డ్రయర్లు ఇచ్చాం, ఎన్ని టన్నుల పంట కాపాడాం, వాయిదాలు ఎంత శాతం వచ్చాయి. చివరి గడిలో 98 శాతం అని ఆకుపచ్చ రంగులో రాసేదాన్ని. మీటింగ్‌లో అందరి కళ్లూ దాని మీదే ఉండేవి.

చీపురు పుల్లలు

పోయిన ఏడాది ఆగస్టులో ఫీల్డ్ టీమ్‌లో ఒకరు సెలవు పెడితే నేను వెళ్లాల్సి వచ్చింది. ఒకక్క ఇంటి ముందు డ్రయర్ ఉంది, దాని మీద పట్టా కప్పి ఉంది. వాన. వారం నుంచి ఎండ లేదు. ఆమె టీ ఇచ్చింది. ఇస్తూ వంగినప్పుడు చెవులు కనబడ్డాయి. కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా చీపురు పుల్లలు పెట్టుకుంది.

నాకు అడగాలని లేదు. అయినా అడిగా. "కమ్మలేవక్కా?"

"కుదువ వెట్టిన మేడం. మీ వాయిదా ఉండె గదా" అంది, మామూలుగానే.

జూన్, జూలై నెలల్లో డ్రయర్ సరిగ్గా నడవలేదు. అంతకుముందు ఎండబెట్టి పంపిన సరుకుకు కొనే కంపెనీ నుంచి డబ్బులు రావడానికి 45 రోజులు పట్టింది. కానీ వాయిదా తేదీ మాత్రం ప్రతి నెలా ఐదు. ఆమె ఒక్క వాయిదా కూడా ఆలస్యం చేయలేదు. నా ఎక్సెల్ షీట్‌లో ఆమె ఆకుపచ్చ గడి.

ఆ రోజూ మర్నాడూ కలిపి 26 మందిని కలిశా. అప్పుడు మాత్రం వాయిదా కట్టారా అని కాకుండా, ఎక్కడి నుంచి తెచ్చి కట్టారని అడిగా. 11 మంది కనీసం ఒక్కసారైనా ఇంకో అప్పుతో కట్టారు. కొందరు బంగారం కుదువ పెట్టి, కొందరు డ్వాక్రా గ్రూపు లోన్‌లోంచి తీసి, ఒకామె అయితే షావుకారు దగ్గర తెచ్చి.

బస్సులో తిరిగొస్తుంటే అమ్మ మాటే చెవుల్లో మోగింది. మంగళారం సారు పనే గదా. మా కంపెనీలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరూ ఎవరి మీదా అరవలేదు. వడ్డీ కూడా తక్కువే. అయినా అదే తప్పు మళ్లీ చేశాం. బర్రె ఈనకముందే వాయిదా పెట్టాం. పైగా ఆ తప్పును కనబడకుండా కప్పేసింది నేను రాసిన 98 శాతమే. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ రంగం గర్వంగా చెప్పుకున్నదీ ఇలాంటి అంకెనే. పేదవాళ్లు ఎలాగైనా కడతారు. ఆ ఎలాగైనా అన్నచోట ఏముందో ఆ అంకె చెప్పదు.

నష్టం ముందు ఎవరి మీద పడాలి?

ఆ వారం రాత్రుళ్లు కూర్చుని ఇలాంటి చిక్కును ఎవరు ఎలా తీర్చారో చదివా. బెంగళూరు కేంద్రంగా హరీష్ హండే 1995లో మొదలుపెట్టిన సెల్కో కథ అప్పుడే లోతుగా చూశా. పేద ఇళ్లకు సోలార్ దీపాలు అమ్మే కంపెనీ అది. తోపుడుబండి మీద అమ్ముకునేవాళ్లకు నెలకు 300 రూపాయలంటే భారం, అదే రోజుకు 10 అంటే కట్టగలరు అన్నది ఆయన వాళ్ల దగ్గరే నేర్చుకున్న పాఠం. దాంతో గ్రామీణ బ్యాంకులతో మాట్లాడి, ఎవరికి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో దాన్ని బట్టి వాయిదాలు పెట్టించారు. రోజూ సంపాదించేవాళ్లకు రోజూ, రైతుకు పంట చేతికొచ్చాక. హండేకు 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. దీపం కంటే వాయిదా తయారుచేయడమే కష్టమని నాకు అప్పుడర్థమైంది.

తర్వాతి రిపోర్ట్‌లో 98 పక్కన ఇంకో గడి పెట్టా. ఇంకో అప్పు చేసి కట్టినవాళ్లు: 26 మందిలో 11 మంది. మా ఫౌండర్ సార్ చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఇది పంపితే తర్వాతి రౌండ్ డబ్బులు రాకపోవచ్చు, తెలుసు కదా" అన్నారు. తెలుసు. నా జీతం కూడా అందులోంచే వస్తుంది. భయం లేదని చెప్తే అబద్ధం. రెండు రోజుల తర్వాత ఆయనే పంపమన్నారు.

వీడియో కాల్‌లో పెట్టుబడిదారుల తరఫున మాట్లాడే మేడమ్ ఆ గడి దగ్గర ఆగారు. కోప్పడతారనుకున్నా. "ఇది మేం ముందే అడగాల్సింది" అన్నారు. కానీ ఆమె కూడా తన డబ్బు కాదు, వేరేవాళ్ల డబ్బు నడుపుతున్నారు. వాళ్లకూ ఒక గడువుంది. వానాకాలం వాయిదాలు ఆపితే ఆ నాలుగు నెలల లోటు ఎవరు మోయాలి? అసలు గొడవంతా ఇక్కడే. వానను ఎవరూ ఆపలేరు. ఆ వాన ఖర్చు ఎవరి ఖాతాలో పడాలన్నది మాత్రం మనుషులే రాసుకుంటారు. అప్పటిదాకా మా కాగితాల్లో అది చెవికమ్మల ఖాతాలో పడేలా రాసి ఉంది.

మూడు నెలలు సాగదీసి చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. మొదటి వాయిదా మొదటి సరుకు డబ్బు చేతికొచ్చాకే. వానాకాలంలో సగం వాయిదా. కొనే కంపెనీ ఆలస్యం చేస్తే మేమే ముందు ఆడవాళ్లకు చెల్లించి, తర్వాత వసూలు చేసుకుంటాం. పెట్టుబడిదారులు తమ డబ్బు తిరిగి రావడానికి ఇంకో రెండేళ్లు ఆగడానికి ఒప్పుకున్నారు. ఒక ఫౌండేషన్ కొంత డబ్బు విడిగా పెట్టింది. ఎవరైనా నిజంగా కట్టలేకపోతే ముందు ఆ డబ్బులోంచి పోతుంది. ఈ రంగంలో ఇలాంటిది ఉంది, దానివల్ల మొదటి దెబ్బ తట్టుకోగలిగేవాళ్ల మీద పడుతుంది.

దీనికి ధర కూడా చెల్లించాం. మూడు కొత్త మండలాలకు వెళ్దామనుకున్నాం, ఒక్కదానితోనే ఆగాం. ఈ ఏడాది ఎవరికీ ఇంక్రిమెంట్ లేదు. ఇద్దరు ఉద్యోగం మానేశారు. ఇప్పుడు వసూళ్లు 91 శాతం. ఆ గడికి పసుపు రంగు వేస్తున్నా. కొత్త ఏర్పాటు నిలబడుతుందో లేదో ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే గానీ చెప్పలేను.

మన ఫోన్లలో ఉన్న ఆకు బొమ్మ

ఇదంతా మీకెందుకంటే, మీ ఫోన్‌లో కూడా ఇన్వెస్ట్‌మెంట్ యాప్ ఉండే ఉంటుంది. అందులో పచ్చటి ఆకు బొమ్మతో ఏదో ఫండ్ కనబడుతుంది. మన దేశంలో సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కూడా వచ్చింది. 2019 బడ్జెట్‌లో ప్రకటిస్తే, మొదటి సంస్థ 2023 డిసెంబర్‌లో నమోదైంది. అందులో స్వచ్ఛంద సంస్థలు జారీచేసే ఒక రకం బాండ్లకు వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు. అంటే ఒక రకంగా లెక్కాపత్రం ఉన్న దానం. అలా ముందే తేటతెల్లంగా చెప్పడం నాకు నచ్చింది.

డబ్బు పెట్టొద్దని నేనననూ, పెట్టమని కూడా అననూ. మూడు సంగతులు మాత్రం అడగండి. మేలు జరిగిందని ఎవరు చెప్తున్నారు, కంపెనీనా, ఆ మేలు పొందినవాళ్లా? వాళ్లకు డబ్బు చేతికొచ్చే రోజుకూ, వాళ్లు కట్టాల్సిన రోజుకూ పొంతన ఉందా? పని చెడిపోతే మొదటి నష్టం ఎవరి మీద పడుతుంది? మూడోదానికి జవాబు పేదవాళ్ల మీద అని వస్తే, దాని మీద ఎన్ని ఆకుబొమ్మలున్నా అది మామూలు వడ్డీ వ్యాపారమే.

మంచి కంపెనీ అంటే మంచివాళ్లు నడిపేది అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ నమ్మకం పోయింది. మంచితనం కాగితం మీద, వాయిదా తేదీలో, నష్టం రాసుకున్న వరసలో కనబడాలి. అక్కడ లేకపోతే మనుషులు ఎంత మంచివాళ్లైనా మంగళవారం సార్లే అవుతారు. ఆ సారు కూడా బహుశా మంచివాడే. ఆయనకూ ఎక్కడో ఒక గడి ఆకుపచ్చగా ఉండాలి కదా.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకు ఈ కొత్త ఏర్పాటంతా చెప్పా. అరిసెలు వత్తుతూ వింది. పక్కన అత్తమ్మ కూడా ఉంది, బెల్లం పాకం చూస్తూ.

"అంటే బర్రె ఈనినంకనే వాయిదా అన్నట్టు" అంది అమ్మ.

"గట్లనే అమ్మా."

"గీ ముచ్చట అప్పుడే ఎవలన్న ఆలోచన జేస్తే..." అని అత్తమ్మ ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మ ఒక అరిసె తీసి ఆమె చేతిలో పెట్టింది.

"పాకం కుదిరిందో లేదో జూడు వదినె" అంది.